శుభలేఖ మీద ఆర్‌ఎస్‌వీపీ: ఎలా వేయించాలి, ఎలా జవాబివ్వాలి

పెళ్లి కుదిరి, లగ్నపత్రిక రాసుకున్నాక విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో శుభలేఖల దుకాణానికి వెళతారు. బంధువుల కోసం తెలుగు కార్డు, ఆఫీసు స్నేహితుల కోసం ఇంగ్లీషు కార్డు ఎంచుకుంటారు. ఇంగ్లీషు నమూనాల్లో చాలావాటికి అడుగున ఆర్‌ఎస్‌వీపీ అనే నాలుగు అక్షరాలు, వాటి కింద కొంత ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీలో ఏం వేయమంటారని దుకాణం వారు అడిగితే, ఇంట్లో పెద్దల పేర్లన్నీ వరుసగా చెప్పేసేవారే ఎక్కువ. కార్డు అందుకున్నవారు ఆ పేర్లు చదివి, పిలుపు ఎవరి తరఫునో తెలుసుకుని, కార్డును దేవుడి గదిలోనో టీవీ పక్కనో పెడతారు. పిలిచినవారికి తాము ఒక ప్రశ్న అడిగామని తెలియదు. చదివినవారికి తాము జవాబు బాకీ ఉన్నామని తెలియదు.

పెళ్లికి వస్తారా లేదా అనే ఆ ప్రశ్నకు జవాబులు వస్తే పెళ్లింటివారి బరువు సగం తగ్గుతుంది. వంటవారికి లెక్క తెలుస్తుంది. దూరం నుంచి వచ్చే చుట్టాలకు విడిది దొరుకుతుంది. తెల్లవారుజామున రైలు దిగిన పెద్దావిడ స్టేషన్‌లో ఆటోల కోసం వెతుక్కోనక్కర్లేదు. అందుకే కార్డు వేయించే ముందు దీని గురించి కాస్త తెలుసుకోండి.

ముందు అర్థం

ఇది ఫ్రెంచి వాక్యం. రెపోందే సిల్ వూ ప్లే. అందులోని నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిస్తే ఆర్‌ఎస్‌వీపీ. రెపోందే అంటే జవాబివ్వండి. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే ఫ్రెంచివారికీ రెండు రకాల సంబోధనలున్నాయి. ఇది మీరు అనే గౌరవంతో అడిగే రూపం. సిల్ వూ ప్లే అంటే అక్షరాలా ‘మీకు ఇష్టమైతే’. ఫ్రెంచివారు రోజువారీ మాటల్లో దయచేసి అనడానికి దాన్నే వాడతారు. మొత్తం కలిపితే, దయచేసి జవాబివ్వండి.

ఇష్టమైతే అన్నారు కదా, ఇష్టం లేకపోతే మానేయవచ్చు అని అర్థం చేసుకోకండి. అది మర్యాద కోసం వచ్చిన మాట. ‘వీలైతే ఒకసారి ఇంటికి రండి’ అని పెద్దవారు కబురు పంపితే మనం వెళ్లకుండా ఉంటామా?

ఫ్రెంచి మాట ఇంగ్లీషు కార్డు మీదకు ఎందుకు వచ్చిందంటే, 18, 19 శతాబ్దాల్లో ఐరోపా రాజదర్బారులకు, రాయబారులకు ఫ్రెంచి మర్యాద భాష. విందుకు పిలవడం, కార్డులు పంపడం వంటి పద్ధతులు ఇంగ్లండు సంపన్నులు ఫ్రెంచివారిని చూసి నేర్చుకున్నారు. పద్ధతులతో పాటు మాటలూ వచ్చాయి. మన పెళ్లి మండపంలోనూ అలాంటి మాటలు తిరుగుతూనే ఉన్నాయి. బఫే, మెనూ, బొకే, కూపన్ ఇవన్నీ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మనకు వచ్చినవే. వాటి అర్థం అందరికీ తెలుసు. ఈ నాలుగు అక్షరాలకే ఆ అదృష్టం పట్టలేదు.

నిజానికి ఫ్రెంచివారు ఈ జిల్లాలకు ఎప్పుడో వచ్చారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళం సర్కారు అనే పాలనా ప్రాంతాన్ని మరో మూడు సర్కార్లతో కలిపి వాళ్లకు అప్పగించాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోటను ముట్టడించిన సైన్యానికి ఫ్రెంచి సేనాని బుస్సీ నాయకుడు. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువారి చేతిలో ఓడాక ఇక్కడ వాళ్ల పట్టు సడలిపోయింది. అప్పుడు ఫిరంగులతో వచ్చినవారి మాట మన శుభలేఖ మీదకు మాత్రం ఇంగ్లీషు చదువు ద్వారానే చేరింది. కనుక పలకడంలోనూ ఇంగ్లీషు పద్ధతే చాలు. ఆర్, ఎస్, వీ, పీ అని అక్షరాలుగా పలకండి. పూర్తి ఫ్రెంచి వాక్యం ఎవరూ పలకరు, పలకనక్కర్లేదు.

మీకు అది కావాలా అని ఆలోచించుకోండి

అన్ని కార్డులకూ ఇది అవసరం లేదు. మన వైపు దగ్గరి బంధువులను కార్డుతో మాత్రమే పిలవరు. ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, పెద్దలకు దణ్ణం పెట్టి పిలుస్తారు. ఆ పిలుపులోనే జవాబు దొరికిపోతుంది. పిన్ని మొహం చూస్తే చాలు, మోకాళ్ల నొప్పులతో వస్తుందో రాదో తెలిసిపోతుంది. ఊళ్లోవారినైతే అడగడం కూడా తప్పే. వీధిలో ఉన్న ఇంటికి వెళ్లి ‘మీరు ఎంతమంది వస్తారు’ అంటే అన్నం లెక్కపెట్టి పిలిచినట్టు ఉంటుంది. ఆ మాట ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

దూరాన ఉన్నవారికి, కార్డు తప్ప మరో రకంగా పిలవలేనివారికి, రిసెప్షన్‌కు మాత్రమే వచ్చే ఉద్యోగ మిత్రులకు ఆర్‌ఎస్‌వీపీ బాగా పనికొస్తుంది. ముఖ్యంగా ప్లేటుకు ఇంత అని కేటరింగ్ వారితో మాట్లాడుకున్న రిసెప్షన్‌కు అది చాలా అవసరం.

ఇంకో విషయం. జవాబులు తీసుకుని రాసుకునే మనిషి ఇంట్లో లేకపోతే ఆ అక్షరాలు తీసేయమనండి. ఆర్‌ఎస్‌వీపీ లేని కార్డుకు ఏ లోటూ ఉండదు. అడిగి, వచ్చిన జవాబును పట్టించుకోకపోవడం మాత్రం అమర్యాద.

కార్డు మీద ఎలా వేయించాలి

ఇంగ్లీషు కార్డులో దీని చోటు కింద ఎడమవైపు మూల. పొడి అక్షరాలుగా వేసినా, అక్షరానికో చుక్క పెట్టినా రెండూ సరైనవే. ముందు ప్లీజ్ చేర్చవద్దు. దయచేసి అనేది అందులోనే ఉంది కనుక చెప్పిందే చెప్పినట్టవుతుంది. ఇంగ్లీషువారు కూడా అలవాటుగా చేరుస్తుంటారు, అదేమీ ఘోరం కాదు, కానీ అచ్చు వేయించే కార్డులో లేకపోతేనే బాగుంటుంది.

దాని కింద ఉండవలసినవి మూడే: ఒక పేరు, ఒక ఫోను నంబరు, ఒక తేదీ. రెండో పేరు పెట్టాలనుకుంటే ఆడపెళ్లివారి తరఫున ఒకరు, మగపెళ్లివారి తరఫున ఒకరు చాలు. తాతగారి పేరు, పెదనాన్నల పేర్లు, మేనమామల పేర్లు కార్డులో తప్పకుండా ఉండాల్సిందే. వాటి చోటు ఆహ్వానించువారు అనే శీర్షిక కింద, లేదా శుభాభినందనలతో అనే వరుసలో. ఆర్‌ఎస్‌వీపీ కింద ఎనభై ఏళ్ల తాతగారి పేరు వేస్తే, ఎవరో మర్యాదస్తుడు నిజంగానే ఆయనకు ఫోన్ చేస్తాడు. ఆయన సంతోషంగా అరగంట మాట్లాడి, చేసింది ఎవరో మరిచిపోతారు.

తేదీ లేని ఆర్‌ఎస్‌వీపీకి జవాబు రాదు. ఫలానా తేదీలోగా అని తప్పనిసరిగా వేయించండి. పెళ్లికి రెండు వారాల ముందు తేదీ పెట్టుకుంటే గదులు మాట్లాడుకోవడానికి, వంటవారికి సామాను జాబితా ఖరారు చేయడానికి సమయం మిగులుతుంది.

తెలుగు కార్డులో ఈ అక్షరాలు వద్దు. మనకు చక్కని వాక్యం ఉన్నప్పుడు అరువు ఎందుకు? ‘తమ రాకను ఫలానా తేదీలోగా ఈ నంబరుకు తెలియజేయ ప్రార్థన’ అని చివర ఒక పంక్తి వేయించండి. మన కార్డులో పైన ‘బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి’ అని ఉంటుంది. సపరివారం అంటే నలుగురూ కావచ్చు, తొమ్మిది మందీ కావచ్చు. అందువల్ల వస్తారా అన్న ప్రశ్న ఒక్కటే మనకు సరిపోదు, ఎంతమంది అన్నది కూడా తెలియాలి. ‘ఎందరు వచ్చేదీ ముందుగా తెలియజేస్తే విడిది ఏర్పాట్లు చేయగలము’ అని రాయండి. భోజనం మాట ఎత్తకుండా విడిది మాట ఎత్తినందువల్ల ఎవరూ నొచ్చుకోరు.

దూరపు చుట్టాలకు కార్డు కంటే ముందే కబురు

కార్డు అచ్చయ్యేదాకా ఆగితే హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో ఉన్న మనవారికి రైలు టికెట్లు దొరకవు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ముహూర్తం పెట్టుకోగానే తేదీ, ఊరు ఫోనులో చెప్పేయండి. అరవై రోజుల ముందు ఉదయం టికెట్లకు కూర్చోమని గుర్తు చేయండి. కార్డు తరువాత వెళుతుంది.

జవాబు ఇచ్చేవారికి తప్పక చెప్పవలసింది ఒకటుంది: ఏ స్టేషన్‌లో దిగాలో. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళం పట్టణంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. కొత్తగా వచ్చే మగపెళ్లివారి బంధువులకు ఇది తెలియదు. స్టేషన్ నుంచి మండపానికి నడిచి వెళ్లవచ్చు అనుకుని దిగుతారు. బొబ్బిలి, పార్వతీపురం వెళ్లేవారికి విజయనగరంలో దారి మారుతుంది, ఆ ఊళ్లు రాయ్‌పూర్ వైపు వెళ్లే లైను మీద ఉన్నాయి. రాజాంలో పెళ్లయితే చీపురుపల్లిలో దిగి రోడ్డు మీద రావాలి. వస్తున్నామని ఫోన్ చేసినవారికి కృతజ్ఞతలు చెప్పి ఊరుకోకుండా, ఏ రైలు, ఎన్నింటికి అని అడగండి. మన వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రిపూట కనుక ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

జవాబులు ఎవరు తీసుకోవాలి, ఎలా రాసుకోవాలి

పెళ్లికూతురి తండ్రికి ఈ పని పెట్టకండి. ఆయన బట్టల దుకాణానికీ, కంసాలి దగ్గరికీ, మండపానికీ తిరుగుతుంటాడు. ఫోను ఎత్తలేడు, ఎత్తినా రాసుకోలేడు. ఓపిక ఉన్న మేనకోడలో, ఉద్యోగంలో లెక్కలు చూసే బావమరిదో దీనికి సరైనవారు. బంధుత్వాలు తెలిసినవారై ఉండాలి. ‘నేను పాలకొండ సుబ్బారావును’ అంటే ఎవరో పోల్చుకోగలగాలి, వరుస పెట్టి పలకరించగలగాలి.

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఫోనులో రాసుకున్నా సరే, కానీ పెళ్లింట్లో ఫోను చేతులు మారుతూ ఉంటుంది, పుస్తకమే నమ్మకం. పేరు, ఊరు, ఎంతమంది, రాత్రి ఉంటారా, ఎలా వస్తున్నారు, ఫోను నంబరు. ఇంతే. ఎంతమంది అన్న చోట ఒక్క అంకె వేసి వదిలేయకండి. మన పెళ్లికి భోజనం ఒక్కటి కాదు. సాయంత్రం విందుకు వచ్చి వెళ్లిపోయేవారు ఉంటారు. ముహూర్తం దాకా ఉండి పొద్దున్న టిఫిను చేసి బయలుదేరేవారు ఉంటారు. దగ్గరివారు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటారు. ఏ పూటకు ఎందరో వేరుగా రాస్తేనే వంటవారికి ఆ లెక్క పనికొస్తుంది. మర్నాటి పూటకు కూడా రాత్రి లెక్కే చెప్పేయడం వల్లే మన పెళ్లిళ్లలో గుండిగల కొద్దీ అన్నం, పప్పు మిగిలిపోతున్నాయి. దప్పళం, పులిహోర పారబోస్తుంటే చూడలేం.

గడువు తేదీ దాటాక జవాబు రానివారికి మీరే ఫోన్ చేయాలి. దీనికి సిగ్గుపడనక్కర్లేదు, మాట పద్ధతిగా ఉంటే చాలు. నాకు తెలిసి అన్నిటికంటే బాగా పనిచేసేది ఇలాంటి మాట:

‘మావయ్య గారూ, నేను విజయనగరం నుంచి. కార్డు అందిందా? అత్తయ్య గారినీ పిల్లలనూ కూడా తప్పకుండా తీసుకురావాలి. మండపం దగ్గరే గదులు చూస్తున్నాం, మీకు ఒకటి ఉంచమంటారా, రెండా?’

వస్తారా రారా అని అడగలేదు, గదుల గురించే అడిగారు. ఆయన రాలేకపోతే ఇక్కడే చెప్పేస్తారు. వస్తుంటే ఎందరో కూడా చెప్పేస్తారు.

ఇక వంటవారికి లెక్క చెప్పేటప్పుడు పుస్తకంలోని అంకెను గరిష్ఠం అనుకోవద్దు. అది పునాది మాత్రమే. జవాబివ్వకుండా వచ్చేవారు, చివరి నిమిషంలో మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చేవారు మన పెళ్లిళ్లలో ఎప్పుడూ ఉంటారు, వాళ్లకూ విస్తరి వేయాల్సిందే. మీ ఇంట్లో అంతకుముందు జరిగిన పెళ్లి ఎలా నడిచిందో పెద్దలను అడిగి, దాన్నిబట్టి పైన కొంత కలపండి.

మీకే అలాంటి కార్డు వస్తే

వెంటనే జవాబివ్వండి. గడువు దాకా ఆగనక్కర్లేదు. ఫోన్ చేయవచ్చు, వాట్సాప్‌లో రెండు మాటలు రాయవచ్చు. అభినందనలు, వస్తున్నారా లేదా, ఎందరు, ఎప్పుడు చేరుకుంటారు. ‘చూద్దాం’, ‘ప్రయత్నిస్తాం’ అనేవి జవాబులు కావు. నొప్పించకూడదని అలా అంటాం, కానీ పెళ్లింటివారు ఆ మాటతో ఏమీ చేయలేరు. వీలవుతుందో లేదో ఇంకా తెలియకపోతే, ఎప్పటికి తెలుస్తుందో చెప్పి ఆ రోజు మళ్లీ ఫోన్ చేయండి.

రాలేకపోతే ఆ మాట చెప్పడంలో తప్పు లేదు. ‘చెల్లాయి, అదే రోజు మా ఇంట్లో సంవత్సరీకం ఉంది, రాలేను. పిల్లలకు నా ఆశీస్సులు. తరువాత వీలు చూసుకుని ఇంటికి వస్తాను’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. చదివింపులు పంపాలనుకుంటే వెళ్లేవారి చేతికి ఇచ్చి పంపండి, ఎవరి చేత పంపారో పెళ్లింటివారికి చెప్పండి. వస్తానని చెప్పాక ప్రయాణం ఆగిపోతే ఆ సంగతి కూడా తెలియజేయాలి. ఆమదాలవలసలో మీ కోసం కారు ఎదురు చూస్తూ ఉంటుంది.

కొన్ని ఇంగ్లీషు కార్డుల్లో ఆర్‌ఎస్‌వీపీ బదులు రిగ్రెట్స్ ఓన్లీ అని ఉంటుంది. రాలేనివారు మాత్రమే చెప్పండి అని దాని అర్థం. అక్కడ మౌనంగా ఉంటే మీరు వస్తున్నట్టే లెక్క. ఆ తేడా గుర్తుంచుకోండి.

అమెరికాలో ఉన్న మనవారి పిల్లల పెళ్లికి పిలుపు వస్తే పద్ధతి ఇంకా గట్టిగా ఉంటుంది. ఎవరి పేర్లు కవరు మీద ఉన్నాయో వారికే పిలుపు. పక్కింటివారిని, తోడికోడలిని వెంట తీసుకువెళ్లే అలవాటు అక్కడ కుదరదు. కుర్చీకి పేరు రాసి పెడతారు, భోజనం మనిషికి ఇంత అని లెక్క కడతారు. కార్డుతో పాటు చిన్న జవాబు కార్డు వస్తే, దాని మీద గీతకు ముందు ఎమ్ అనే అక్షరం ఒక్కటే ఉండవచ్చు. అచ్చు తప్పేమో అనుకోవద్దు. మిస్టర్, మిసెస్, మిస్ అన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి కనుక, మిగతాది మీరు పూరించి పేరు రాయడానికి అలా వదిలారు. ఈ రోజుల్లో ఎక్కువమంది ఆన్‌లైన్ లింకు పంపుతున్నారు. అందులో శాకాహారమా మాంసాహారమా అని కూడా అడుగుతారు. అది నింపితేనే జవాబు చేరినట్టు, ఫోనులో పెళ్లికొడుకు తల్లికి చెప్పి ఊరుకుంటే సరిపోదు.

ఆఫీసు ఉత్తరాల్లో ఇది క్రియగా కూడా మారింది. శుక్రవారంలోగా ఆర్‌ఎస్‌వీపీ చేయండి అని సమావేశాల పిలుపుల్లో వస్తుంది. జవాబు పంపండి అని మాత్రమే అర్థం. ఇంగ్లీషు నిఘంటువులు ఆ వాడకాన్ని ఒప్పుకున్నాయి, మీరూ నిస్సంకోచంగా రాయవచ్చు.

పుస్తకాన్ని పెళ్లి అయ్యేదాకా దగ్గరే ఉంచండి

మన రెండు జిల్లాలకు ఇది మరీ ముఖ్యం. కార్తీకంలో ముహూర్తాలు వచ్చే రోజులే బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఎలా వచ్చి పడ్డాయో ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రైళ్లు ఆగాయి. అలాంటి కబురు వచ్చి ముహూర్తమో మండపమో మార్చవలసి వస్తే, ఎవరు బయలుదేరుతున్నారో ఆ పుస్తకమే చెబుతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక వినగానే, ఫోన్లు పనిచేస్తుండగానే, పుస్తకం ముందు వేసుకుని కూర్చోండి. మొదట రైలెక్కబోయే దూరపు చుట్టాలకు, తరువాత పిల్లలతో, వృద్ధులతో రాబోయేవారికి, ఆ తరువాత జిల్లాలోని వారికి ఫోన్ చేయండి. ఫోన్ చేసినవారి పేరు పక్కన టిక్కు పెట్టండి. ఒకరికి చేసే ఫోను ఇద్దరు చేయకుండా, ఏ పేజీలు ఎవరు చూడాలో ముందే పంచుకోండి.